టూంబ్ రైడర్ పేరు చెడగొట్టింది ఎవరు?

ఈసారి పోస్టు వీసా రూల్స్ గురించి కాదు, సీఎస్‌సీఎస్ కార్డు గురించీ కాదు. ఒక వీడియో గేమ్ చరిత్ర గురించి. కొంచెం పెద్దదే. ఆదివారం బట్టలు మిషన్‌లో వేసి, టీ పెట్టుకుని చదవండి.

డెర్బీ సిటీలో లోపలి రింగ్ రోడ్డు ఉంది కదా, అందులో ఒక ముక్క పేరు లారా క్రాఫ్ట్ వే. ఒకరోజు వ్యాన్‌లో ఆ దారిన పోతుంటే మాతో ఉన్న కొత్త కుర్రాడు బోర్డు చదివి, "ఎవరన్నా ఈవిడ, ఇక్కడ మేయరా?" అని అడిగాడు. అందరం నవ్వాం. మేయరూ కాదు, రాణీ కాదు, అసలు పుట్టిన మనిషే కాదురా, గేమ్‌లో బొమ్మ అని చెప్పాం. 2010లో కొత్త రోడ్డు వేసినప్పుడు పేరు ఏం పెట్టాలని కౌన్సిల్ వాళ్ళు ఓటింగ్ పెట్టారు. 27 వేలకు పైగా ఓట్లు వస్తే పదింటికి దాదాపు తొమ్మిది ఈ పేరుకే పడ్డాయి. ప్రపంచం నలుమూలల నుంచీ వేశారంట. మన ఊళ్ళలో రోడ్లకి నాయకుల పేర్లు పెట్టి కొట్టుకుంటాం. ఇక్కడ లేని మనిషి పేరుని గొడవ లేకుండా పెట్టేశారు.

అప్పుడు కుర్రాడు అన్న మాట మమ్మల్ని పట్టుకుంది. "ఓ, టూంబ్ రైడరా? అది చెడిపోయిన గేమ్ అంట కదన్నా. పాతవి బాగుండేవంట, తర్వాతవన్నీ వేస్టంట." మాటమాటకీ అంట, అంట. నువ్వు ఆడావా అంటే లేదు. ఎవరు చెడగొట్టారు అంటే తెలీదు. వారం రోజులు రాత్రి వంట దగ్గర ఇదే వాదన. మాలో నలభై దాటినవాళ్ళం పాతవి నెట్ సెంటర్లలో గంటకి ఇంత అని డబ్బులిచ్చి ఆడినవాళ్ళం. కుర్రాళ్ళు కొత్తవి ఆడారు. ఇద్దరి మాటలూ విని, చరిత్ర అంతా వరసలో పెట్టుకుని చూస్తే మాకు ఒక సంగతి అర్థమైంది. అది చెప్పడానికే ఈ పోస్టు.

ముందు పునాది నుంచి వద్దాం.

డెర్బీ అంటే మనకి రోల్స్ రాయిస్ ఇంజన్లు, రైలు పెట్టెల ఫ్యాక్టరీ గుర్తొస్తాయి. 1988లో అదే ఊళ్ళో కోర్ డిజైన్ అని చిన్న గేమ్ కంపెనీ పెట్టారు. తర్వాత వాళ్ళు ఆష్‌బోర్న్ రోడ్డులో ఒక పాత ఇంట్లో పనిచేసేవారు. పెద్ద అద్దాల ఆఫీసు ఊహించుకోకండి. అక్కడ టోబీ గార్డ్ అనే కుర్రాడు సమాధుల్లో, గుహల్లో తిరిగే ఒక ఆట ఆలోచించాడు. మొదట హీరో మగవాడే. మరీ ఇండియానా జోన్స్ సినిమాలా ఉంది, కేసు పడుతుందని ఆడమనిషిని చేశారు. మొదటి పేరు లారా క్రూజ్, దక్షిణ అమెరికా పిల్ల. తర్వాత ఇంగ్లీషు పేరు కావాలని లారా క్రాఫ్ట్ చేశారు. టోబీ గార్డ్, పాల్ డగ్లస్ ఇద్దరూ ముఖ్యులు. మొత్తం కలిపి ఆరుగురి జట్టు. 1996 అక్టోబర్‌లో సెగా సాటర్న్ మీద, తర్వాత నెలలో ప్లేస్టేషన్, కంప్యూటర్ల మీద మొదటి టూంబ్ రైడర్ బయటికొచ్చింది.

ఆ ఆట ఎందుకంత గొప్పదైందో మన పని భాషలో చెబుతాం. ఆ ప్రపంచం మొత్తం ఒకే కొలత గళ్ళతో కట్టారు. నేలా, గోడా, గుంటా, మెట్టూ అన్నీ ఆ గడి లెక్కే. లారా నిలబడి దూకితే ఒక గడి దాటుతుంది. పరిగెత్తి దూకితే రెండు గళ్ళు. పరిగెత్తి దూకి చేత్తో అంచు పట్టుకుంటే మూడు గళ్ళు. ఒక్కసారి వెనక్కి గెంతితే పరుగుకి సరిపడా చోటు వస్తుంది. నడక బటన్ నొక్కి ఉంచితే అంచు దాకా వచ్చి ఆగిపోతుంది, పడదు. అది మన సేఫ్టీ బెల్ట్ లాంటిది. అంటే పెద్ద గుంట ముందు నిలబడ్డప్పుడు ఆడేవాడు కంటితో కొలుస్తాడు. మూడు గళ్ళే ఉన్నాయి, దాటొచ్చు. నాలుగున్నాయి, ఇంకేదో దారి ఉండాలి. పడి చచ్చిపోతే తప్పు మనదే, ఆటది కాదు. మోసం లేదు. కొలత బోర్డు చేతికిచ్చి, నీ బుర్రతో దాటు అన్నట్టుంటుంది.

ఇంకోటి ఒంటరితనం. పెద్ద పెద్ద రాతి గదులు, నీళ్ళ చప్పుడు, అడుగుల చప్పుడు, అప్పుడప్పుడూ చిన్న సంగీతం. మాట్లాడేవాడు ఉండడు. మొదటి ఆటలో పెరూ దేశం లోయలోకి వెళ్తే చడీ చప్పుడు లేకుండా పెద్ద డైనోసార్ చీకట్లోంచి పరిగెత్తుకొస్తుంది. నెట్ సెంటర్‌లో మా పక్కనున్నవాడు హెడ్‌ఫోన్స్ పీకేసి లేచిపోయాడు. ఇప్పటికీ కలిస్తే ఆ మాటే ఎత్తుతాం.

అలా మొదటిది హిట్టయింది. ఇక్కడి నుంచే అసలు కథ.

కోర్ డిజైన్‌ని అప్పటికే ఈడోస్ అనే లండన్ కంపెనీ కొనేసింది. మన భాషలో ఈడోస్ మెయిన్ కాంట్రాక్టర్, కోర్ వాళ్ళు పనిచేసే గ్యాంగ్. ఒక్క ఆటతో ఈడోస్ దశ తిరిగింది. లారా బొమ్మ పత్రికల ముఖచిత్రాలకెక్కింది. యూటూ బ్యాండ్ వాళ్ళ 1997 టూర్‌లో తెర మీద కనిపించింది. సైట్‌లో మనం తాగే లూకోజేడ్ ఉంది చూడండి, దాని ప్రకటనల్లో కూడా వచ్చింది. అయితే ఆమెని ఆటలోని సాహసం కోసం కాకుండా ఒంటి కోసం అమ్మడం మొదలుపెట్టారు. సృష్టించిన టోబీ గార్డ్‌కి అది నచ్చలేదు. 1997లోనే తనూ, పాల్ డగ్లస్‌ కంపెనీ వదిలి బ్రిస్టల్ వెళ్ళి సొంత కంపెనీ పెట్టుకున్నారు. రాబోయే లక్షల అమ్మకాల్లో వాటా వస్తుందని తెలిసీ వెళ్ళిపోయారు. గట్టివాళ్ళే అనిపించింది మాకు.

మిగిలినవాళ్ళకి ఈడోస్ పెట్టిన లెక్క ఏంటంటే ప్రతి క్రిస్మస్‌కీ ఒక ఆట. 1997 నవంబర్‌లో రెండోది. 1998 నవంబర్‌లో మూడోది. 1999 నవంబర్‌లో నాలుగోది. 2000 నవంబర్‌లో ఐదోది. 1996 నుంచి లెక్కేస్తే ఐదేళ్ళలో ఐదు. కాంక్రీటుకి అనుకున్న బలం రావాలంటే 28 రోజులు లెక్క పెడతాం. పదో రోజుకే సెంట్రింగ్ విప్పి పై అంతస్తు పొయ్యమంటే ఏమవుతుంది? మొదటి అంతస్తు నిలబడుతుంది, రెండోది నిలబడుతుంది. ఎక్కడో ఒకచోట పగులు కనిపిస్తుంది.

అలాగని ఆ ఐదూ చెత్త అనడం తప్పు. రెండో ఆటలో చైనా గోడ, వెనిస్ కాలువలు అద్భుతం. అందులోనే లారా ఇంట్లో ముసలి బట్లర్ టీ ట్రే గలగలలాడించుకుంటూ వెనకే తిరుగుతుంటాడు. ఆయన్ని వంటింటి ఫ్రీజర్ గదిలోకి తీసుకెళ్ళి తలుపేసెయ్యని వాడు భూమ్మీద లేడు. మేమూ చేశాం. పాపం పెద్దాయన.

మూడో ఆట అయితే మన దేశంలోనే మొదలవుతుంది. అడవి, కోతులు, పులులు, గుడి శిథిలాలు, గంగా నది. మన దేశం అని ఎంత సంబరపడ్డామో, కొంచెం ముందుకెళ్ళాక అంత నవ్వుకున్నాం. ఆరు చేతుల శివుడి విగ్రహం కత్తులు పట్టుకుని లేచి మీదికొస్తుంది, దాన్ని కాల్చి పడెయ్యాలి. మాలో ఒకడు ప్రతిసారీ ముందు దండం పెట్టుకుని తర్వాత కాల్చేవాడు. గంగానది దాటాక కాళీయుడి గుహలు వస్తాయి, లోపలంతా పాములు. మన కాళీయుడు ఉన్నది యమున మడుగులో అని చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. డెర్బీలో కూర్చుని ఏదో పుస్తకం తిరగేసి పేరు పెట్టారు. అదే ఆటలో లండన్ కూడా ఉంది. ఆల్డ్‌విచ్ అని 1994లో మూసేసిన నిజం అండర్‌గ్రౌండ్ స్టేషన్‌లోకి లారాని దింపారు. తెలిసిన ఊరు కాబట్టి అది చక్కగా వచ్చింది. కొత్తవే చెడిపోయాయి, పాతవి నిఖార్సైనవి అనేవాళ్ళకి ఇది చెప్పాలి. పాతవాటిలోనూ లోపాలున్నాయి. 2024లో మొదటి మూడు ఆటలు బాగుచేసి మళ్ళీ విడుదల చేసినప్పుడు, ఇందులో కొన్ని జాతుల వాళ్ళని తప్పుగా చూపించారు అని కంపెనీయే ముందు ఒక హెచ్చరిక పెట్టింది.

నాలుగో ఆట నాటికి పనిచేసేవాళ్ళు అలిసిపోయారు. ఎంత అలిసిపోయారంటే ఆట చివర్లో ఈజిప్టు గుడి కూలిపోయి లారా దాని కింద పడిపోయినట్టు పెట్టేశారు. ఇంక ఈమె చచ్చిపోతేగానీ మనకి విముక్తి లేదు అనుకున్నారని అందులో పనిచేసినవాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. కానీ క్యాలెండర్ ఆగదు కదా. తర్వాతి సంవత్సరం ఐదో ఆట. లారా పోయింది అనుకుని ఆమె స్మారక సభ తర్వాత తెలిసినవాళ్ళు పాత జ్ఞాపకాలు చెప్పుకోవడమే కథ. అంటే చచ్చిపోయాక కూడా డ్యూటీ.

ఐదో ఆటతో పాటు ఒక మంచి పని చేశారు. కంప్యూటర్ వెర్షన్‌లో లెవెల్ ఎడిటర్ అనే పనిముట్టు ఇచ్చేశారు. గళ్ళు పేర్చి ఎవరి గుహ వాళ్ళు కట్టుకోవచ్చు. దాంతో అభిమానులు ఇప్పటిదాకా వేల లెవెల్స్ కట్టారు, ఇంకా కడుతున్నారు. మేస్త్రీ వెళ్ళిపోతూ తాపీ, మట్టం ఊరి కుర్రాళ్ళకి ఇచ్చిపోయినట్టు.

ఇక చెడ్డపేరు అసలు పుట్టిన చోటికి వద్దాం. 2003లో వచ్చిన ఆరో ఆట, ఏంజెల్ ఆఫ్ డార్క్‌నెస్.

ప్లేస్టేషన్ 2 కొత్తగా వచ్చింది. పాత గళ్ళ పద్ధతి పనికిరాదు, అంతా కొత్తగా కట్టాలి అనుకున్నారు. పారిస్, ప్రాగ్ నగరాలు, హత్య కేసు, ఇంకో హీరో, మనుషులతో మాటలు, రాబోయే ఆటలకి సరిపడా పెద్ద కథ, అన్నీ ఒకేసారి. ప్లాన్ పెద్దది, డ్రాయింగ్ సరిగ్గా లేదు. కట్టింది పడగొట్టి మళ్ళీ కట్టారు. జట్టులో మనుషులు పెరిగారు, ఎవరు ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఇది మేము అంటున్నది కాదు, కోర్‌లో చేసినవాళ్ళే తర్వాత ఇంటర్వ్యూల్లో ఒప్పుకున్నారు. కాబట్టి తప్పంతా పైవాళ్ళదే అంటే అబద్ధమవుతుంది. గ్యాంగ్ తప్పు కూడా ఉంది.

కానీ విడుదల తేదీ? ఒకటి రెండుసార్లు జరిగింది. ఇంక జరపలేం అన్నారు. ఈడోస్‌కి డబ్బు లెక్కలున్నాయి. ఏంజెలీనా జోలీ రెండో సినిమా అదే 2003 వేసవిలో రాబోతోంది. దాంతో సగం పని మిగిలుండగానే తాళాలు ఇచ్చేశారు. స్నాగింగ్ లిస్టు నిండా తప్పులతో హ్యాండోవర్ చేసిన బిల్డింగ్ ఎలా ఉంటుందో మనకి చెప్పాలా? లారా ఒకవైపు తిప్పితే ఇంకోవైపు తిరిగేది. బరువైన వస్తువు ఒకటి తోస్తే చాలు, బలం పెరిగింది అనేది. కథలో సగం ముక్కలు లేవు. విమర్శకులు ఉతికి ఆరేశారు.

తర్వాత జరిగింది చూడండి. రెండో సినిమా అనుకున్నంత ఆడలేదు. సినిమా కంపెనీ పారామౌంట్ ఆ నెపం గేమ్ మీదికి నెట్టింది. గేమ్ బాలేదు కాబట్టి సినిమా చూడలేదు అని. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే. 2003 జూలైలోనే ఈడోస్ టూంబ్ రైడర్‌ని డెర్బీ చేతుల్లోంచి తీసేసి అమెరికాలో కాలిఫోర్నియాలోని క్రిస్టల్ డైనమిక్స్‌కి ఇచ్చేసింది. ఏడేళ్ళు బంగారు గుడ్లు పెట్టిన బాతుకి, ఒక్క గుడ్డు మురిగిపోతే అంతే.

ఇంకో దెబ్బ కూడా ఉంది. మొదటి ఆటకి పదేళ్ళ పండగ వస్తోందని, కోర్ వాళ్ళు దాన్ని చేతిలో పట్టుకుని ఆడుకునే పీఎస్‌పీ మిషన్ కోసం మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. తాము కట్టిన ఇంటికి తామే రంగులు వేసుకుందామని. 2006లో ఈడోస్ దాన్ని ఆపేసింది, ఆ పని కూడా అమెరికా వాళ్ళకే ఇచ్చింది. అదే సంవత్సరం కోర్ మనుషుల్నీ సామాన్నీ రెబెలియన్ అనే వేరే కంపెనీ కొనుక్కుంది. ఆ డెర్బీ ఆఫీసు 2010లో మూతపడింది.

2010. సంవత్సరం గుర్తుందా? మొదట్లో చెప్పిన రోడ్డుకి లారా క్రాఫ్ట్ వే అని పేరు పెట్టింది ఆ సంవత్సరమే. ఊరు బోర్డు ఎత్తిన ఏడాదే, ఆ పేరు సంపాదించి పెట్టినవాళ్ళు కూర్చున్న చివరి ఆఫీసు తలుపులు మూశారు. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసినరోజు మా ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సరే, అమెరికాకి వెళ్ళాక ఏమైంది? ఇక్కడ కుర్రాళ్ళు చెప్పింది కూడా వినాలి. క్రిస్టల్ డైనమిక్స్ వాళ్ళు 2006లో లెజెండ్ అనే ఆట తెచ్చారు. టోబీ గార్డ్‌ని మళ్ళీ పిలిచి పనిలో పెట్టుకున్నారు. ఆట బాగుంది, పోయిన పరువు నిలబెట్టింది. 2007లో మొదటి ఆటని కొత్తగా కట్టి ఆనివర్సరీ అని ఇచ్చారు. 2008లో అండర్‌వరల్డ్. మధ్యలో ఈడోస్ చేతులు మారింది, 2009లో జపాన్ కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ కిందికి పోయింది.

2013లో కథ మొదటికి తెచ్చారు. లారా ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, ఓడ మునిగి ఒక దీవిలో పడుతుంది, దెబ్బలు తింటుంది, ఏడుస్తుంది, విల్లు పట్టుకుని బతికి బయటపడుతుంది. ఒంటిని చూపించి అమ్మడం మానేశారు. టోబీ గార్డ్ 1997లో ఏ సంగతి మీద అలిగి వెళ్ళాడో, ఆ సంగతి పదహారేళ్ళకి సరిదిద్దినట్టు. ఆ ఆట నెల తిరక్కుండా 34 లక్షలు అమ్ముడైంది. అయినా స్క్వేర్ ఎనిక్స్ మా అంచనా అందుకోలేదు అని ప్రకటించింది. 34 లక్షలు ఫెయిలంట! మిగతా లోకం "అంచనా అందుకోలేదు" అన్న ముక్కనే పట్టుకుంది. తర్వాత సంవత్సరాల్లో అదే ఆట 1 కోటి 40 లక్షలు దాటింది. ఆ మాట చెప్పేవాడు లేడు.

తర్వాత 2015లో రైజ్, 2018లో షాడో. రైజ్‌ని మొదటి ఏడాది మైక్రోసాఫ్ట్ మిషన్లకే పరిమితం చేశారు, ప్లేస్టేషన్ ఉన్నవాళ్ళకి కడుపు మండింది. షాడోని కెనడాలోని ఈడోస్ మాంట్రియల్ వాళ్ళు కట్టారు. విడుదలైన కొద్ది వారాలకే రేటు తగ్గించి అమ్మారు. ముందు కొన్నవాళ్ళు తిట్టుకున్నారు. ఇవి ఆటలోని తప్పులా, అమ్మకం తప్పులా? మీరే చెప్పండి.

అయితే కొత్తవాటి మీద ఉన్న అసలు ఫిర్యాదు ఒకటుంది, అది నిజం. ఎక్కాల్సిన అంచుకి తెల్ల రంగు పూసి ఉంటుంది. ఒక బటన్ నొక్కితే పనికొచ్చే వస్తువులు మెరుస్తాయి. సైట్‌లో మనం కుర్రాళ్ళ కోసం స్ప్రేతో గుర్తులు వేస్తాం చూడండి, ఇక్కడ తవ్వు, ఇక్కడ తవ్వొద్దు అని. అలాంటివి. కొలిచే పని ఆడేవాడి నుంచి తీసేశారు. దూకితే ఆటే పట్టుకుంటుంది. 2013 దాంట్లో పేరు టూంబ్ రైడర్, సమాధులేమో చిన్నచిన్నవి, అవీ ఇష్టమైతే ఆడొచ్చు లేకపోతే లేదు. మనుషుల్ని కాల్చడమే ఎక్కువ. చెవిలో ఎప్పుడూ ఎవరో మాట్లాడుతుంటారు. పాత ఆటలో ఉన్న ఆ పెద్ద నిశ్శబ్దం పోయింది. షాడోలో సమాధులు పెంచారు, కష్టం ఎంత కావాలో మనమే పెట్టుకునే వీలు ఇచ్చారు, గుర్తులు తీసేసి ఆడొచ్చు. అంటే ఫిర్యాదు విన్నారు. కానీ అప్పటికి పేరు పడిపోయింది.

మాలో పెద్దవాళ్ళకీ కుర్రాళ్ళకీ ఇక్కడే తేడా వచ్చింది. మాకు పాత ఆటే ఆట. వాళ్ళకి పాతది ఇచ్చి ఆడమంటే అరగంటలో, "ఇదేంటన్నా, ట్యాంకు నడిపినట్టుంది" అన్నారు. కొత్తొక వింత పాతొక రోత అంటారు, టూంబ్ రైడర్ విషయంలో మేము దాన్ని తిరగేసి పాతొక వింత కొత్తొక రోత చేశాం. రెండూ సరి కాదు. అవి రెండు వేరు వేరు ఇళ్ళు, బోర్డు మాత్రం ఒకటే. మండువా ఇంట్లో పెరిగినవాడు ఫ్లాట్‌లో గాలి లేదంటాడు. ఫ్లాట్‌లో పెరిగినవాడు మండువా ఇంట్లో వాన పడుతుందంటాడు.

మరి చెడ్డపేరుకి అర్హత ఉందా లేదా? మా తీర్పు ఇది. పేరు మూడుచోట్ల పడింది. ఐదేళ్ళలో ఐదు ఆటలు తీసినప్పుడు కొంత, 2003లో చాలా, 2013 తర్వాత అంచనాల లెక్కల వల్ల కొంత. మూడుచోట్లా తేదీ పెట్టినవాళ్ళు, అంచనా వేసినవాళ్ళు ఒకరు, పేరు పోగొట్టుకున్నవాళ్ళు ఇంకొకరు. ఆరో ఆటకి వచ్చిన చెడ్డపేరు న్యాయమే, దాన్ని దాచడానికి లేదు. తెల్ల రంగు ఫిర్యాదు న్యాయమే. మిగతాదంతా విన్న మాట, "అంట" బాపతు.

మొదటి ఆటలో మిడాస్ రాజు ప్యాలెస్ ఉంటుంది. విరిగిన పెద్ద రాతి చెయ్యి నేల మీద పడి ఉంటుంది. సీసం కడ్డీలు దానికి తాకిస్తే బంగారం అవుతాయి, తలుపు తెరవడానికి అవి కావాలి. ఆశకి పోయి లారాని ఆ చెయ్యి మీద నిలబెడితే ఆమే బంగారపు బొమ్మయిపోయి చచ్చిపోతుంది. భస్మాసురుడి కథకి చుట్టం. ఆ ప్యాలెస్ కట్టిన కుర్రాళ్ళకి తమ ఆట గతే అలా అవుతుందని అప్పుడు తెలిసి ఉండదు.

ఇంకో సంగతి. చచ్చిపోయింది అన్న పేరు చచ్చిపోలేదు. ఇప్పటిదాకా ఈ ఆటలన్నీ కలిపి 10 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. 2024లో బాఫ్టా వాళ్ళు, అదే ఇక్కడ సినిమా అవార్డులిచ్చే సంస్థ, గేమ్‌లన్నిట్లోకీ గుర్తుండిపోయే పాత్ర ఎవరని జనాన్ని అడిగితే మొదటి స్థానం లారాకే వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ తిట్లు తిన్న ఆరో ఆటని కూడా బాగుచేసి మళ్ళీ విడుదల చేశారు, అప్పట్లో తీసేసిన కొన్ని ముక్కలు తిరిగి పెట్టారు. అంటే ఇరవై రెండేళ్ళకి స్నాగింగ్ లిస్టు పూర్తయింది. 2025 డిసెంబర్‌లో ఇంకో రెండు ఆటలు ప్రకటించారు. ఒకటి మొదటి ఆటనే కొత్తగా కట్టడం. రెండోది ఉత్తర భారతదేశంలో జరుగుతుందంట. ఈసారైనా కాళీయుడిని యమునలో పెడతారేమో చూద్దాం.

కానీ అదే 2025లో క్రిస్టల్ డైనమిక్స్ మళ్ళీ మళ్ళీ మనుషుల్ని ఉద్యోగాల్లోంచి తీసేసింది. 2022లో ఆ కంపెనీని ఎంబ్రేసర్ అనే స్వీడన్ సంస్థ కొన్న తర్వాత నుంచీ ఈ వార్తలు వస్తూనే ఉన్నాయి. డెర్బీలో జరిగిందే కాలిఫోర్నియాలో జరుగుతోంది. రేపు కొత్త ఆట బాలేదంటే ఎవరిని తిడతారో మాకు ఇప్పుడే తెలుసు.

అందుకే మా కుర్రాడికి చెప్పింది మీకూ చెబుతున్నాం. ఒక పని చెడిపోయింది అని ఎవరైనా అంటే, ఎవరు కట్టారు అని మాత్రమే అడగొద్దు. ఎన్ని రోజులు ఇచ్చారు అని కూడా అడగండి. మనం పోసిన స్లాబుల మీద మన పేర్లు ఉండవు, పగులు వస్తే మాత్రం మనల్నే వెతుక్కుంటూ వస్తారు. ఆ బాధ తెలిసినవాళ్ళం మనమే ఇంకొక గ్యాంగ్ పనిని వినికిడి మీద తిట్టకూడదు.

ఎప్పుడైనా డెర్బీ వైపు పనిపడితే ఆ రోడ్డు మీదుగా వెళ్ళండి. బోర్డు మీద ఒక్క పేరే ఉంటుంది. దాని వెనక ఆష్‌బోర్న్ రోడ్డు పాత ఇంట్లో కూర్చుని గళ్ళు పేర్చిన ఆరుగురు ఉన్నారని గుర్తుపెట్టుకోండి. మా కుర్రాడు ఇప్పుడు మొదటి ఆట ఆడుతున్నాడు. నిన్న రాత్రి డైనోసార్ వచ్చింది. పక్క గదిలోకి అరుపు వినబడింది.